చచ్చిన తొట్టి బతికింది

చిన్న సీసాలోని నీలం రంగు పిల్లలందరి కళ్ళ ముందే వెలిసిపోతుంటే ఐసు టీచరు గోడ గడియారం చూస్తున్నట్టు నటించింది.

"టీచర్, మా దాంట్లో కూడా ఉంది!" అంటూ ఒక పిల్ల బెంచీ ఎక్కినంత పని చేసింది. "మా చందమామలో కూడా ప్రాణం ఉంది!"

ఉండకూడదు. ఆ తొట్టిలో ప్రాణం ఉండడానికి వీల్లేదు. ఆ నీళ్ళు ఆమె తన చేత్తో మరిగించి, చల్లార్చి, ఉప్పూ పంచదారా కలిపి పోసినవి. అందులో ఇంకేమీ వేయలేదు.

పిల్లలు ఐసు టీచరని పిలుచుకునే ఆమె పనిచేసేది ఒక విజ్ఞాన కేంద్రంలో. కింది అంతస్తులో చివరి గది ఆమెది. తలుపు మీద 'మంచు కింద సముద్రం' అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది. బృహస్పతి చుట్టూ, శని చుట్టూ తిరిగే కొన్ని చందమామల మీద చాలా మందంగా మంచు పేరుకుందనీ, దాని అడుగున ఉప్పునీటి సముద్రాలున్నాయనీ, వాటిలో కంటికి కనబడని ప్రాణి ఏదైనా ఉందేమోనని శాస్త్రవేత్తలు ఆశపడుతున్నారనీ పిల్లలకి చెప్పడం సులువే. చెబితే వింటారు, బయటికి వెళ్ళగానే మర్చిపోతారు. అందుకే ఆమె చెప్పడం తగ్గించి వెతికించడం మొదలుపెట్టింది.

బల్ల మీద మూడు గాజు తొట్లు, ఒక్కోటీ ఒక్కో చందమామ. ప్రతి దాంట్లో ఉప్పునీళ్ళు, పైన అరచేయంత మందాన మంచు పలక. పిల్లలు వేడినీళ్ళలో ముంచిన మేకుతో పలకకి రంధ్రం పెట్టాలి. డ్రాపర్‌తో కిందినుంచి నీళ్ళు లాగాలి. వాటిని చిన్న సీసాలో పోసి, నీలిరంగు మందు ఒక చుక్క వేసి, మూత బిగించి, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో నిలబెట్టాలి. ఊపిరి పీల్చేది ఏదైనా ఆ నీళ్ళలో ఉంటే కాసేపటికి నీలం వెలిసిపోతుంది. ఒక తొట్టిలో బ్రెడ్డు పొంగడానికి వాడే ఈస్ట్ ఉంటుంది. ఇంకో దాంట్లో సోడా బిళ్ళ కరుగుతూ బుడగలు వస్తాయి గానీ రంగు మాత్రం మారదు. మూడో దాంట్లో ఏమీ ఉండదు. ఆమె తనలో తాను వాటికి బతికిన తొట్టి, బుకాయించే తొట్టి, చచ్చిన తొట్టి అని పేర్లు పెట్టుకుంది. చచ్చిన తొట్టే అన్నిటికన్నా ముఖ్యం. అన్నిట్లోనూ ప్రాణం కనబడితే ఇక అది వెతుకులాట కాదు, వడ్డింపు.

"ఒక్కోసారి పరీక్షలు కూడా పొరబడతాయి" అని పిల్లలకి ఏదో సర్దిచెప్పింది ఆమె. వెనక నిలబడ్డ తల్లిదండ్రుల్లో ఒకాయన పక్కాయన వైపు చూసి కనుబొమలెగరేశాడు. అది ఆమె కంట పడనే పడింది.

అందరూ వెళ్ళాక బల్ల అవతల కూనిరాగం తీస్తూ తడి తుడుస్తున్న మనిషి మీద ఆమె చూపు ఆగిపోయింది. ఆ మనిషి ఆమె తోడికోడలు.

ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు, ఒకే అత్తగారు. ఇంట్లో అందరూ 'చిన్నమ్మి' అని పిలిచే ఈ చిన్నకోడల్ని ఉద్యోగంలో పెట్టించింది కూడా ఐసు టీచరే. పిల్లల తాకిడి పెరిగి, శనివారం ఒక బ్యాచ్ కాస్తా రెండు బ్యాచ్‌లయ్యాక మేనేజరు సహాయకురాలు కావాలన్నాడు. "మా ఇంట్లోనే ఉంది సార్, సైన్సు చదివింది, ఖాళీగా ఉంది" అని ఈమే చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు మనసారానే చెప్పింది. అయితే చిన్నమ్మి వచ్చి చేరిన దగ్గర్నుంచే చచ్చిన తొట్టికి ప్రాణం రావడం మొదలైంది. అంతకుముందు అన్ని నెలలూ అది బుద్ధిగా చచ్చి పడి ఉండేది.

అనుమానం మొదట చిన్న నలకలా పడింది. కంట్లో పడ్డ నలకని నలిపేకొద్దీ ఏమవుతుందో దీనికీ అదే అయింది.

మరుసటి వారం మేనేజరు వరండాలో ఎదురుపడి, "మీ తోడికోడలు పిల్లల్ని భలే నవ్విస్తోందండీ. రెండో బ్యాచ్ పూర్తిగా ఆవిడకే వదిలేస్తే మీకు కాస్త తెరిపిగా ఉంటుందేమో" అన్నాడు.

"నాకు తెరిపి ఎందుకు సార్?" అందామె.

"ఊరికే అన్నానమ్మా. ఈ మధ్య మూడో తొట్టి కాస్త తికమక పెడుతోందని అంటున్నారు కదా, అందుకని."

ఎవరు అంటున్నారు? ఆ గదిలో రెండు బ్యాచ్‌లూ చూసేది ఇద్దరే. ఒకరు తను. రెండోవాళ్ళెవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రోజు నుంచీ ఆమె కళ్ళు చిన్నమ్మి చేతుల్ని వదల్లేదు. ఈస్ట్ డబ్బా ఎక్కడ పెట్టింది, మూత సరిగ్గా బిగించిందా, చేతులు కడిగిందా, కడిగితే ఏ గుడ్డతో తుడిచింది. ఈస్ట్ డబ్బాని తన చేతిసంచిలో వేసుకుని ఇంటికి తేవడం కూడా మొదలుపెట్టింది. ఫ్రీజరు దగ్గరికి అసలు ఎవర్నీ రానిచ్చేది కాదు. అందులో చోటు తక్కువ. బ్యాచ్‌లు రెండయ్యాక వారానికి సరిపడా కొత్త పలకలు గడ్డ కట్టించడానికి వీలుపడటం లేదు. అందుకని వాడిన పలకల్నే కుళాయి కింద జాగ్రత్తగా కడిగి మళ్ళీ ఫ్రీజర్లో సర్దేది. ఆ పని కూడా తనే చేసేది. ఇంకొకళ్ళ చేతికిస్తే ఏం చేస్తారో ఎవరికి తెలుసు?

ఇంట్లో కూడా అదే తంతు. చిన్నమ్మి నవ్వితే ఎందుకు నవ్విందా అని, నవ్వకపోతే ఏం దాస్తోందా అని. ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతున్న పెద్దకోడల్ని అత్తగారు ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, దాన్ని అలా చూస్తున్నావేంటి? పోలీసు దొంగని చూసినట్టు!"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే ఆ కత్తి నాకియ్యి. చేతి మీద చూపు లేకుండా తరుగుతున్నావు, వేలు తెగుద్ది."

కేంద్రానికి పైఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వచ్చే రోజు వచ్చింది. ఆ పొద్దున్న ఐసు టీచరు అందరికన్నా ముందే వెళ్ళి తొట్లు సర్ది, పలకలు పేర్చి, పై అంతస్తులో మీటింగుకి వెళ్ళింది. మీటింగు ముగించి మెట్లు దిగుతుంటే తమ గది వెనక తలుపులోంచి చిన్నమ్మి బకెట్టుతో బయటికి వెళ్ళడం కనబడింది. రెండు చేతులూ మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. పైగా అటూ ఇటూ చూసుకుంటూ వెళ్ళింది.

ఐసు టీచరు గదిలోకి ఒక్క ఉదుటున వెళ్ళింది. చచ్చిన తొట్టి మీద తను పెట్టిన పలక లేదు. దాని బదులు క్యాంటీన్లో జ్యూసుల్లో వేసే ఐసు ముక్కలు గుట్టగా తేలుతున్నాయి.

"ఇక్కడి పలకేదీ?" అంది చిన్నమ్మి తిరిగి రాగానే.

"పగిలిపోయింది అక్కా. నేను పట్టుకుంటే జారింది. అందుకే ముక్కలు తెచ్చి వేశాను."

"నీళ్ళు?"

"నీళ్ళు కూడా మార్చాను. మరిగించినవేలే, నీ క్యాన్‌లోవే."

చిన్నమ్మి ఈ మాటలన్నీ నేల చూపులు చూస్తూ చెప్పింది. అంతలో పెద్దవాళ్ళు వచ్చేశారు. ఐసు టీచరు ముఖానికి నవ్వు పులుముకుంది. ఆ రోజు ఆటంతా నున్నగా సాగింది. చచ్చిన తొట్టి సీసా చివరిదాకా నీలంగానే ఉంది. పెద్దవాళ్ళు మెచ్చుకుని వెళ్ళారు.

వాళ్ళ కార్లు గేటు దాటగానే ఆమె భవనం వెనక్కి వెళ్ళింది. కుళాయి పక్కన సిమెంటు గట్టు మీద మంచు పలక పడి ఉంది. ఎండకి అంచులు కరిగాయి గానీ ఎక్కడా ఒక్క పగులు లేదు. ఆమె వంగి దాన్ని రెండు చేతులతో లేపి చూసింది, మళ్ళీ చూసింది. పగిలిపోయిందట!

ఇక అనుమానం కాదు, రుజువే దొరికిందనుకుంది. అయితే ఒక్క చిక్కు ఉంది. చిన్నమ్మి తొట్టిని పాడు చేయాలనుకుంటే ఆ రోజు అది బాగా ఎందుకు పనిచేసింది? దానికీ ఆమె దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. 'నేను కనిపెట్టానని దానికి తెలిసిపోయింది. పెద్దవాళ్ళ ముందు దొరికిపోతానని భయపడి, కలిపిందంతా గబగబా పారబోసేసింది.' తొట్టి చెడిపోతే అది చిన్నమ్మి పని, బాగుంటే అది చిన్నమ్మి ఎత్తు. అలా తిప్పి చూస్తే లోకంలో కుదరనిదంటూ ఏదీ ఉండదు.

రెండ్రోజుల తర్వాత మేనేజరు గది ముందునుంచి వెళ్తుంటే సగం తెరిచిన తలుపులోంచి చిన్నమ్మి గొంతు వినబడింది. "అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పకండి సార్."

ఐసు టీచరు అక్కడ ఆగలేదు. ఆగాల్సిన పనే లేదనుకుంది.

తరవాతి శనివారం చిన్నమ్మి జ్వరంతో ఇంట్లో పడుకుంది. ఐసు టీచరుకి లోలోపల సంతోషమే కలిగింది. ఇవాళ తొట్టి బుద్ధిగా ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. నీళ్ళు రెండోసారి కూడా మరిగించింది. తొట్టి పక్కనుంచి కదల్లేదు, టీ కూడా అక్కడికే తెప్పించుకుంది. పిల్లలు రంధ్రాలు పెట్టారు, నీళ్ళు లాగారు, చుక్కలు వేశారు. సీసాలు గోరువెచ్చటి నీళ్ళలో నిలబడ్డాయి. చూస్తూ ఉండగానే చచ్చిన తొట్టి సీసా అడుగునుంచి వెలవెలబోతూ వచ్చింది. చివరికి పైన మూత దగ్గర మాత్రం సన్నటి నీలి గీత మిగిలింది.

ఇంకొకరైతే అక్కడ ఆగి, 'అయితే ఇది చిన్నమ్మి పని కాదన్నమాట' అనుకునేవారు. ఆమె అలా అనుకోలేదు. 'నిన్న సాయంత్రం జ్వరం వస్తున్నట్టుందంటూ పెందలాడే వెళ్ళింది. వెళ్ళేముందు ఫ్రీజరు దగ్గరికి వెళ్ళి ఉంటుంది. పలకల్లోనే కలిపి ఉంటుంది. జ్వరం కూడా నాటకమే' అనుకుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అది బయటపడింది. చిన్నమ్మి దుప్పటి కప్పుకుని చారన్నం కలుపుకుంటోంది. మరిది ఏదో జోకు వేశాడు. అందరూ నవ్వారు, చిన్నమ్మి కూడా నీరసంగా నవ్వింది.

"నవ్వు, నవ్వు" అంది ఐసు టీచరు. "నా గది నీ చేతికొచ్చాక ఇంకా నవ్వుదువుగాని."

చిన్నమ్మి ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది.

"ఏంటక్కా?"

"పలక పగిలిందన్నావ్. చెక్కుచెదరకుండా వెనకాల పడి ఉంది, నా కళ్ళతో చూశాను. మేనేజరుతో అక్కకి చెప్పకండి అన్నావ్, నా చెవులతో విన్నాను. నా తొట్టిలో నువ్వు ఈస్ట్ కలుపుతున్నావు. అవునా కాదా?"

చిన్నమ్మి ముఖంలో జ్వరం ఎరుపు కూడా పోయి తెల్లబడింది. పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

"చూశారా? ఒక్క మాట కూడా మాట్లాడలేదు" అంది ఐసు టీచరు.

"మాట్లాడేందుకు నువ్వు చోటిచ్చావా?" అన్నాడు ఆమె భర్త మెల్లగా.

అత్తగారు మాత్రం పెద్దకోడలి వైపు చూడకుండా, "అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపావమ్మా" అని ఊరుకుంది.

సోమవారం తెలిసింది, చిన్నమ్మి తారామండలం హాల్లోకి మారిపోయిందని. మేనేజరే చెప్పాడు. "ఆవిడ ముందే అడిగిందమ్మా బదిలీ. మీకు తనే నెమ్మదిగా చెప్పుకుంటానంది." అంటే ఆ రోజు తలుపు వెనక విన్న మాట బదిలీ గురించి అన్నమాట. తెలిశాక కూడా ఐసు టీచరు మనసు కరగలేదు. తప్పు చేసిన మనిషే తప్పించుకుపోతుంది కదా అనుకుంది. అయితే భర్త మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇంట్లో ఎవరూ ఆమె పక్షాన లేరు. సరే, నోటి మాట ఎందుకు, అందరి ముందూ పెట్టేలా పరీక్ష చేసి చూపిస్తాననుకుంది.

కొత్తగా మూడు తొట్లు తీసుకుంది. మూడింట్లోనూ మరిగించిన నీళ్ళే పోసింది. ఒకదాని మీద ఫ్రీజర్లోని పలక వేసింది, చిన్నమ్మి కలిపిందని తను నమ్ముతున్నది ఆ పలకల్లోనే కదా. రెండోదాని మీద అప్పటికప్పుడు మరిగించిన నీళ్ళతో, కొత్త గిన్నెలో గడ్డ కట్టించిన పలక వేసింది. ఈ రెండింటినీ స్టోరు గదిలో పెట్టి తాళం వేసింది. మూడోదాని మీద పలకే లేదు. దాన్ని తారామండలానికి వెళ్ళే దారిలో, వరండా బల్ల మీద, ఎవరికైనా చెయ్యి అందేలా వదిలేసింది. అది ఎర. చిన్నమ్మి రోజంతా ఆ పక్కనుంచే తిరుగుతుంది.

సాయంత్రం మూడింటి నీళ్ళూ సీసాల్లోకి లాగి, రంగు వేసి, గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎర తొట్టి సీసా నీలంగానే ఉంది. కొత్త పలక తొట్టి సీసా నీలంగానే ఉంది. ఫ్రీజరు పలక తొట్టి సీసా వెలిసిపోయింది.

"దొరికావు" అంది ఆమె గట్టిగా, ఖాళీ గదిలో. పలకల్లోనే కలిపింది! ఎర ముట్టుకోలేదంటే జాగ్రత్తపడిందన్నమాట. వెంటనే మేనేజర్ని పిలవాలని లేచి, రుజువు కోసం ఫ్రీజర్లోంచి ఇంకో పలక తీసింది. తీశాక ఆ పలక వైపు చూస్తూ నిలబడిపోయింది.

ఆ పలక మొన్న శనివారానిది. ఆ రోజు చిన్నమ్మి ఇంట్లో జ్వరంతో ఉంది. ముందురోజు చిన్నమ్మి వెళ్ళిపోయాక ఆ పలకని కొత్తగా గడ్డ కట్టించింది, తొట్టి మీద పెట్టింది, ఆట అయ్యాక కడిగింది, మళ్ళీ ఫ్రీజర్లో సర్దింది అన్నీ తనే. ఆ రోజు నుంచీ ఫ్రీజరు తాళం తన కొంగుకే ఉంది. చిన్నమ్మి నీడ కూడా దీని మీద పడలేదు.

పలకని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది. అద్దంలా ఉన్న మంచులో అక్కడక్కడా వేలు మందాన మబ్బు పట్టినట్టు తెల్లటి కడ్డీలు కనబడ్డాయి. పిల్లలు మేకుతో పెట్టిన పాత రంధ్రాలు. బతికిన తొట్టి మీద తేలుతున్నప్పుడు వాటిలోకి ఈస్ట్ నీళ్ళు ఎక్కాయి. పైపైన కుళాయి నీళ్ళు పోస్తే లోపలివి ఎలా పోతాయి? అవి అలాగే రంధ్రంలో గడ్డ కట్టుకుపోయాయి. మరో వారం అదే పలక చచ్చిన తొట్టి మీదికి వస్తే, గట్టి మంచు కన్నా పాత రంధ్రమే మెత్తగా ఉంటుంది కనుక పిల్లలు మేకుని అక్కడే దింపుతారు. డ్రాపర్‌లోకి మొదట వచ్చేది ఆ రంధ్రంలోని నీళ్ళే.

అప్పటికీ నమ్మబుద్ధి కాక, మబ్బు కడ్డీలోంచి కాస్త మంచు గీరి కరిగించి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. గుండ్రటి కణాలు, కొన్నిటికి పక్కన చిన్న మొగ్గలు. అంత చలిలో కూడా అవి చావలేదు. మంచులో ప్రాణి చచ్చిపోదు, నిద్రపోతుందంతే అని వారం వారం పిల్లలకి నోరు నొప్పెట్టేలా చెప్పేది తనే.

బ్యాచ్‌లు రెండైనప్పుడే రెండు మార్పులూ ఒకేసారి జరిగాయి. చిన్నమ్మి వచ్చింది. పాత పలకలు మళ్ళీ వాడడం మొదలైంది. ఆమె మొదటిదాన్నే చూసింది. రెండోది తన చేతిలోనే ఉంది కనుక అటు చూడాలని తోచలేదు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఉన్నపళంగా లేచి తారామండలం హాలుకి వెళ్ళింది. ఆట అయిపోయి చిన్నమ్మి కుర్చీల మధ్య పిల్లలు పడేసిన కాగితాలు ఏరుతోంది. అక్కని చూసి నిటారుగా నిలబడింది.

"పలకల్లోంచే వస్తోంది" అంది ఐసు టీచరు. "నేను మళ్ళీ వాడిన పలకల్లోంచి. పాత రంధ్రాల్లోంచి. నువ్వు కాదు. నేనే."

చిన్నమ్మి చేతిలోని కాగితాలని ఉండగా నలిపింది.

"ఆ రోజు పలక పగల్లేదు కదా. ఎందుకు అబద్ధం చెప్పావ్?"

"నువ్వు మీటింగులో ఉన్నప్పుడు, పెద్దవాళ్ళ ముందు నేను తడబడకూడదని ముందుగా ఒకసారి చేసి చూసుకున్నానక్కా. రంగు పోయింది. ఏం చేయాలో తోచలేదు. నువ్వు కిందికొచ్చేలోపు మార్చేస్తే సరిపోతుందనుకున్నాను." ఆమె కాగితాల ఉండని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నీ కోసమే చేశానని చెప్పను. చెడితే నన్నే అంటావని కూడా భయమేసింది. నువ్వప్పటికే నా చేతుల వంకే చూస్తున్నావు."

"నాతో ఒక్క మాట చెప్పుంటే?"

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేది కాదు. 'నువ్వే కలిపి నువ్వే కనిపెట్టినట్టు చెబుతున్నావా' అని అని ఉండేది.

"ఈ పలకల సంగతి ఎలా తెలిసింది నీకు?" అని అడిగింది చిన్నమ్మి.

చెప్పకుండా ఉండొచ్చు. అయినా చెప్పింది, మూడు తొట్ల సంగతి, తాళం సంగతి, వరండాలో పెట్టిన తొట్టి సంగతి.

చిన్నమ్మి ఆమె ముఖంలోకి అలాగే చూసింది. "వరండాలోది నా కోసం పెట్టావా?"

"ఊఁ."

"మర్చిపోయావనుకున్నాను. దుమ్ము పడుతోందని మధ్యాహ్నం నేనే దాని మీద అట్ట కప్పాను."

నిజమే, సాయంత్రం దాని మీద ఒక అట్ట ఉంది. ఎవరు కప్పారో అని ఐసు టీచరు ఆలోచించనైనా లేదు. చేతులు కడుక్కోని మనిషి అట్టని ముట్టుకుని ఉంటే, ఆ నీళ్ళు ఏ కారణం చేతనో చెడి ఉంటే, ఇవాళ ఈ హాల్లో తను ఏ మాటలు మాట్లాడేదో ఆమెకి తెలుసు.

"నన్ను క్షమించు" అంది.

"నువ్వు పరీక్ష చేసింది నన్ను పట్టుకోడానికి కదక్కా" అంది చిన్నమ్మి. గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ ఉంది. "వేరేలా తేలి ఉంటే నువ్విక్కడికి వచ్చేదానివి కాదు. నాకది అంత తొందరగా పోదు." మళ్ళీ వంగి కాగితాలు ఏరసాగింది. ఐసు టీచరు కూడా అవతలి వరసలో కాగితాలు ఏరడం మొదలుపెట్టింది.

ఆ రోజు భోజనాల దగ్గర ఆమె అందరి ముందూ జరిగింది చెప్పింది, ఏదీ దాచలేదు. మరిది పళ్ళెంలోకి చూస్తూ విన్నాడు. అత్తగారు ఒక్కటే మాటంది. "అందరి ముందూ అన్నావు, అందరి ముందూ వెనక్కి తీసుకున్నావు. అంతవరకు బానే ఉంది." తరువాత చిన్నమ్మి పళ్ళెంలో ఇంకో గరిటె కూర వడ్డించింది.

మేనేజరుకి కూడా చెప్పింది. ఆయన నవ్వేసి, "ఇదే ఒక పాఠం చేసెయ్యొచ్చు కదమ్మా" అన్నాడు. ఆమె చేసింది. నిజమైన యంత్రాలు ఆ చందమామల మీదికి వెళ్ళేముందు వాటిని ఎంత శుభ్రం చేస్తారో, ఎందుకు చేస్తారో ఇప్పుడామెకి పుస్తకంలో చదివి చెప్పాల్సిన పని లేదు. వెతకడానికి వెళ్ళినవాళ్ళే తమ మురికిని తీసుకెళ్ళి, అదే అక్కడి ప్రాణమని చాటేస్తే ఎంత అభాసుపాలవుతారో పిల్లలకి పాత పలక చూపించి చెప్పేది. అది ఎవరి పలక అని అడిగితే, "నాదే" అనేది. కేంద్రంవాళ్ళు ఇంకో ఫ్రీజరు కొన్నారు. చిన్నమ్మిని తిరిగి రమ్మని రెండుసార్లు అడిగింది. రానంది. తారామండలంలో చీకట్లో నిలబడి నక్షత్రాల గురించి చెప్పడం తనకి నచ్చిందంది. అందులో కొంత నిజం, కొంత మొహమాటం ఉన్నాయని ఐసు టీచరుకి తెలుసు. తవ్వి చూడలేదు. ఇంట్లో మాటలు మెల్లమెల్లగా మొదలయ్యాయి, మొదట ఉప్పూ పప్పూ గురించి, తరవాత మరిది గురకల గురించి.

కొన్నాళ్ళకి ఒక శనివారం పిల్లలందరూ బల్ల చుట్టూ చేరాక తలుపు తోసుకుని చిన్నమ్మి వచ్చింది. వచ్చి, పిల్లల మధ్య చిన్న స్టూలు మీద ఇరుక్కుని కూర్చుంది. మేకు తీసుకుంది, రంధ్రం పెట్టింది, నీళ్ళు లాగింది, చుక్క వేసింది. పక్కనున్న పిల్లకి మూత ఎలా బిగించాలో చూపించింది. ఐసు టీచరు ఆమె చేతులవైపు చూడకుండా ఉండడానికి పాటుపడి, చూసేసి, చూసినందుకు సిగ్గుపడింది.

కాసేపటికి చిన్నమ్మి చెయ్యెత్తింది.

"టీచర్, ఈ మూడో చందమామ మీద నాకు అనుమానంగా ఉంది."

గదంతా గొల్లుమంది. ఐసు టీచరు మాత్రం గబగబా దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. సీసాలో నీలం అలాగే ఉంది.

"నీలంగానే ఉంది కదా" అంది.

"ఇప్పటికి ఉంది" అంది చిన్నమ్మి. "ఇంకాసేపు చూద్దాం."

ఐసు టీచరు ఇంకో స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చుంది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి తొంగి చూస్తుంటే, ఇద్దరూ ఆ సీసా వంకే చూస్తూ కూర్చున్నారు.